లాల్‌బాగ్‌లో మేపుల్ ఆకు గుర్తు

నా మొదటి డిజిటల్ కెమెరా మీద ఒక గుండ్రటి చక్రం ఉండేది. దాన్ని సీన్ మోడ్‌కి తిప్పి వెనక బటన్లు నొక్కుతూ పోతే చిన్న చిన్న బొమ్మలు వరసగా వచ్చేవి. మంచు, సముద్రతీరం, బాణసంచా, అక్వేరియం. వాటి మధ్యలో ఒక ఆకు. మొనలు తేలిన మేపుల్ ఆకు. అది పెట్టి తీస్తే చిగుళ్లూ, పండుటాకులూ, పూలూ మంచి రంగుల్లో వస్తాయని కెమెరాతో ఇచ్చిన పుస్తకంలో ఉంది. తయారుచేసినవాళ్ల మనసులో జపానో అమెరికానో ఉండి ఉంటుంది. నేనున్నది బెంగళూరు బసవనగుడిలో, మేడ మీద ఒంటి గదిలో.

2007 మోడల్ అది. ఏడు మెగాపిక్సెళ్లు, నాలుగు రెట్ల జూమ్, రెండు పెన్సిల్ సెల్లులు. మా బావ సింగపూర్ నుంచి వస్తూ తెచ్చాడు. "ఈ కార్డు నిండాలంటే నీ తరం కాదు" అంటూ 1 జీబీ కార్డు కూడా చేతిలో పెట్టాడు. అప్పటికి అది పెద్ద కార్డే.

ఆ ఏడాది అక్టోబర్‌లో ఆర్కుట్ సైటు తెరిస్తే చాలు, ఎరుపూ పసుపూ. అనంతపురంలో నాతో ఇంజినీరింగ్ చదివినవాళ్లలో చాలామంది అప్పటికే అమెరికా చేరారు. ఒక్కొక్కడూ కొత్త జాకెట్ వేసుకుని, ఎర్రటి చెట్టు కింద నిలబడి, చేతులు చాపి ఫోటో. కింద ‘ఫాల్ కలర్స్’ అని రాత. నాకు కుళ్లు లేదంటే అబద్ధం. బెంగళూరులో అక్టోబర్ అంటే వానల నెల. చెట్లన్నీ కడుపునిండా నీళ్లు తాగి, ఒక్క ఆకు కూడా రాల్చే ఉద్దేశం లేకుండా ముదురు పచ్చగా నిలబడి ఉంటాయి. ఆకు గుర్తు పెట్టి తీస్తే పచ్చ ఇంకాస్త పచ్చగా వచ్చేది, అంతే.

మా పెదనాయన అనంతపురంలో ప్రభుత్వ కాలేజీలో బోటనీ చెప్పి రిటైరయ్యాడు. కొడుకు జయనగర్‌లో ఇల్లు తీసుకున్నాక ఎక్కువగా ఇక్కడే ఉండేవాడు. పొద్దున్నే వాకింగ్ అని లాల్‌బాగ్‌కి వెళ్లేవాడు గానీ నడిచేది తక్కువ. ప్రతి చెట్టు దగ్గరా ఆగాలి, బెరడు తట్టాలి, కింద పడిన కాయో గింజో ఎత్తి జేబులో వేసుకోవాలి. మా వదిన ఆయన చొక్కాలు నానబెట్టే ముందు జేబులన్నీ తిరగేసి దులిపేది. "మామయ్యా, ఇంట్లో మొలకెత్తుతాయి ఇవన్నీ" అని నవ్వేది.

ఒక ఆదివారం భోజనానికి వెళ్లినప్పుడు ఆ అమెరికా ఫోటోలు ఆయనకు చూపించాను. కళ్లజోడు పైకి జరిపి తీరిగ్గా చూశాడు.

"బాగుండాయి. ఆడ చలి ఒక్కసారే వస్తాది, చెట్లన్నీ ఒక్కసారే రాలుస్తాయి. ఈడ అట్ల కాదబ్బీ. ఒక్కో చెట్టుకు ఒక్కో ముహూర్తం. నువ్వు అక్టోబర్లో ఎతుకుతాండావు. సంక్రాంతి పోనీ, మాఘం రానీ. అప్పుడు రా కెమెరా తీసుకొని."

సంక్రాంతి వెళ్లింది. ఊరి నుంచి తెచ్చిన అరిసెలు ఇంకా డబ్బాలో ఉండగానే ఫోన్. "పడమటి గేటు కాడికి రా. బాదం తిరిగింది."

బాదం చెట్టు మనకు కొత్తేం కాదు. ఏ ఊరి బడి ఆవరణలో చూసినా ఒకటుంటుంది. కాయను రాయితో పగలగొట్టి పప్పు తినని పిల్లలుండరు. ఆకులతో బూరలు చేసుకున్నాం, విస్తరి ఆటలు ఆడుకున్నాం. చూడటమంటూ చూసింది మాత్రం ఆ రోజే. చెరువు వైపు దిగే దారిలో ఉందా చెట్టు. అంతస్తులు అంతస్తులుగా అడ్డంగా చాచిన కొమ్మలు. పై అంతస్తు అప్పుడే ఖాళీ. మధ్యది పూర్తిగా ఎరుపు. కింది కొమ్మలు ఇంకా పచ్చగా, మాకేం తొందర లేదన్నట్టు.

పెదనాయన ఒక ఆకు ఏరి చేతికిచ్చి "చదువు" అన్నాడు.

అరచేతి కంటే పెద్ద ఆకు. తొడిమ దగ్గర ఇంకా పచ్చదనం ఉంది. నడి ఈనె వెంబడి అది సన్నటి గీతగా కొసదాకా పాకింది. పక్క ఈనెలకు ఇటూ అటూ పసుపు, పసుపు పక్కన నారింజ, అంచుల దగ్గరకొచ్చేసరికి నల్లబడబోతున్న ఎరుపు. మధ్యలో పురుగు తిన్న చిల్లులు, ఒక్కో చిల్లు చుట్టూ కాటుక గీసిన అంచు. వెనక్కి తిప్పితే రంగంతా వెలిసిపోయి ఉంది. ముందువైపు మెరుపు మొత్తం ఎండ తగిలిన పక్కదే.

"పసుపు కొత్తగా వచ్చింది కాదు. మొదట్నుంచీ ఉండాది, పచ్చ కింద కనపడలా. చెట్టు క్లోరోఫిల్‌ను విరగ్గొట్టి పనికొచ్చేది వెనక్కి లాక్కుంటే ఇది బయటపడ్తాది. ఎరుపు మాత్రం అప్పటికప్పుడు తయారుచేస్తాది. ఆంథోసయనిన్."

"పోయే ఆకుకు ఇంత ఖర్చెందుకు పెదనాయనా?"

"లోపలుండే నత్రజని వెనక్కి తీసుకునేదాకా ఎండ దెబ్బ తగలకుండా అంటారు కొందరు. పురుగుల్ని బెదిరించను అంటారు ఇంకొందరు. ఇంకా కొట్లాడుకుంటానే ఉండారు. పరీక్షలో మాత్రం రెండూ రాయాల."

చలిదేశాల్లో పగళ్లు పొట్టివయ్యి చలి ముదిరితే చెట్లు ఆకు వదిలేస్తాయి. మన దగ్గర ఆ పని చేయించేది చాలావరకు నీటి కరువు. నవంబర్ దాటితే బెంగళూరులో వానలు వెనకబడతాయి. జనవరి, ఫిబ్రవరిల్లో చినుకు పడితే గొప్ప. ఆకుల గుండా నీళ్లు ఆవిరైపోతాయి కాబట్టి చెట్టు ఆకులు వదిలించుకుంటుంది. ఏ చెట్టు ఎప్పుడు వదలాలన్నది దాని జాతిని బట్టి, నిలబడిన నేలను బట్టి, ఒక్కోసారి పక్కనున్న నల్లా కారడాన్ని బట్టి కూడా ఉంటుంది. నల్లా సంగతి పెదనాయన సొంత పరిశోధన.

ఇక ఫోటో. ఆ కాలపు చిన్న కెమెరాలకు ఎరుపంటే గండం. ఎండలో ఉన్న ఎర్రటి ఆకును మామూలుగా తీస్తే ఈనె లేదు, చిల్లు లేదు, ఒట్టి ఎర్ర ముద్ద పడేది. మొత్తం బొమ్మ వెలుగు సరిగ్గానే ఉంటుంది గానీ అందులోని ఎరుపు ఒక్కటే నిండి పొర్లిపోతుంది. తమాషా ఏమిటంటే, ఆకు గుర్తు మోడ్ రంగును ఇంకాస్త పెంచుతుంది కాబట్టి ఆ ఎర్రాకుకే అది పనికిరాదు. వెలుగును మనమే సర్దుకోనిచ్చే పి మోడ్‌లో పెట్టి, వెలుగును రెండు మెట్లు తగ్గించి (మెట్టంటే స్టాప్‌లో మూడో వంతు; ఒక స్టాప్ తగ్గితే వెలుగు సగమవుతుంది), వైట్ బ్యాలెన్స్, అంటే ఏది తెలుపో కెమెరా వేసుకునే లెక్క, ఆటోలోంచి తీసి మబ్బు గుర్తుకు మార్చాలి. ఆటోలో వదిలితే పొద్దుటి ఎండలోని వెచ్చదనాన్ని కెమెరా తప్పుగా భావించి సరిదిద్దేసేది. సూర్యుడికి ఎదురుగా నిలబడి, ఆకును మనకీ సూర్యుడికీ మధ్యన పెట్టుకుంటే అప్పుడు ఈనెలు ఒక్కొక్కటీ లేచి వచ్చేవి. కొమ్మ వెనక తెల్లటి ఆకాశం ఉంటే మటుకు ఆకు అంచుల వెంట ఊదారంగు గీత ఒకటి పడేది. దానికి మందు లేదు, ఆకాశం కనపడకుండా తీయడమే.

వెనక స్క్రీన్ ఎండలో కనిపించేది కాదు. కన్ను ఆనించి చూసే చిన్న కిటికీ ఉండేది. అందులో కనిపించినదాని కంటే ఫోటోలో ఎక్కువే పడేది. అంచున ఎవరి చేయో, ఎవరి కుక్కో వచ్చి చేరేవి. మామూలు సెల్లులు వేస్తే కాసేపటికే ఎర్ర లైటు మినుకు మినుకు. అందుకని చార్జింగ్ సెల్లులు రెండు కెమెరాలో, రెండు ప్యాంటు జేబులో. ఒక్కో ఫోటోకీ మధ్య కెమెరా ఆపేయడం అలవాటైంది. ఆపేసినప్పుడు ఇంకేం చేస్తాం, చెట్టునే చూస్తాం.

బటన్ నొక్కాక కూడా ఒక క్షణం ఆలోచించి గానీ తీసేది కాదది. రాలుతున్న ఆకును గాల్లో పట్టాలని ఎంత చూశానో. నా దగ్గర ఒట్టి గాలి ఫోటోలు బోలెడున్నాయి.

ఆ రోజుల్లోనే లాల్‌బాగ్‌లో ఊడ్చే ఒకావిడతో పరిచయమైంది. మదనపల్లి వైపు మనిషి. బెంగళూరులో వీధులు ఊడ్చేవాళ్లలో తెలుగు మాట్లాడేవాళ్లు చాలామందే ఉంటారని ఇక్కడున్నవాళ్లకి తెలుసు. నేను మోకాళ్ల మీద కూచుని, ఆవిడ పోగేసిన బాదం ఆకుల కుప్పకు కెమెరా పెడితే చీపురు పట్టుకుని నిలబడి చూసింది.

"ఏం సామీ, చెట్టు మీద ఇన్ని ఉండంగా చెత్తను ఫోటో తీస్తాండావే?"

"రెండు నిమిషాలు ఎత్తొద్దమ్మా" అన్నాడు పెదనాయన.

"నాకేం సామీ, మేస్త్రీ వస్తే నువ్వే చెప్పుకో."

ఆ కుప్ప ఫోటో నాకు ఇప్పటికీ ఇష్టం. ఎండ వెనక నుంచి పడింది. పైనున్న ఆకులు వెలుగుతున్నాయి, కిందివి అప్పటికే మట్టిరంగు. ఎడమ అంచున చీపురు కొస, ఆవిడ బొటనవేలి మెట్టె. కిటికీలో కనపడలేదవి, పడ్డాయి. మరుసటి వారం ప్రింటు తీయించి ఇచ్చాను. తిప్పి తిప్పి చూసి "నన్ను తీసింటే బాగుండు గదా" అంది. తీశాను. అది ఆవిడ దగ్గరే ఉంది.

లాల్‌బాగ్ అంటే పూల ప్రదర్శన అనుకునేవాళ్లే ఎక్కువ. ఆగస్టు 15కి ఒకటి, జనవరి 26కి ఒకటి. గాజు మేడ చుట్టూ క్యూలు, చిన్నపిల్లల ఏడుపులు, మొక్కజొన్న కండెల పొగ. రిపబ్లిక్ డే ప్రదర్శన సరిగ్గా బాదం ఎర్రబడే రోజుల్లోనే వస్తుంది. లక్షల మంది వచ్చి కుండీల్లో పూలు చూసి పోతారు. పక్కన మండుతున్న చెట్టు కింద నిలబడి ఐస్‌క్రీమ్ తింటారు గానీ తలెత్తరు. ఈ మాట కాస్త దురుసుగా ఉందని తెలుసు. నేనూ అంతకుముందు ఏడాది అలాగే ఐస్‌క్రీమ్ తిన్నాను.

పెదనాయనకు క్రుంబిగల్ అంటే గౌరవం. జర్మనీలో పుట్టి, లండన్ క్యూ గార్డెన్స్‌లో పనిచేసి, బరోడా మీదుగా మైసూరు సంస్థానానికి వచ్చిన తోటమాలి ఆయన. 1760లో హైదర్ అలీ మొదలుపెట్టిన ఈ తోటను ఏళ్ల తరబడి చూసుకుని, 1956లో బెంగళూరులోనే కన్నుమూశాడు. ఏడాది పొడుగునా ఏదో ఒక వీధి పూస్తూనే ఉండేలా చెట్లను ఎంచి నాటాలన్నది ఆయన ఆలోచన. ఆ తర్వాత 1980లలో అటవీ అధికారి నెగినహాళ్ హయాంలో ఊరంతా లక్షల మొక్కలు నాటారు. ఇవాళ మనం ఫోటోలు తీసుకునే గులాబీ రంగు పూల టబేబుయా చెట్లకు వీళ్లందరి పుణ్యం ఉంది.

"పూలకు లెక్క కట్టినారబ్బీ. ఆకులకు ఎవరూ కట్టలా. మనం కడదాం."

అలా మొదలైంది ఆకుల పంచాంగం. ఎల్ఐసీ వాళ్లిచ్చిన పాత డైరీ ఒకటి తీసుకుని చెట్టు పేరు, ఉన్న చోటు, రంగు తిరిగిన వారం ఆయన రాయాలి. ఫోటో సాక్ష్యం నాది. ముందు వచ్చేది ప్రైడ్ ఆఫ్ ఇండియా. కన్నడంలో హొళె దాసవాళ అంటారు. వేసవిలో దాని ఊదా పూలు చూసేవాళ్లే గానీ, డిసెంబర్, జనవరిల్లో ఆకు రాగిరంగుకు, ఆపైన ఎరుపుకు తిరగడం ఎవరికీ పట్టదు. తర్వాత బాదం. శివరాత్రి దగ్గరకొచ్చేసరికి కానుగ. దాని పసుపు ఆకు మీద మచ్చలు, చూడటానికి పెద్ద అందం లేదు. కానీ రాలిన వారం పది రోజుల్లోనే లేత పచ్చ చిగురు కమ్ముకుంటుంది. బోసి కొమ్మను పట్టుకోవాలంటే సెలవు పెట్టాల్సిందే.

ఇక్కడొక చిక్కు వచ్చిపడింది. ఫిబ్రవరి చివర ఒక రావిచెట్టు నిండా గులాబీ, రాగి కలిసిన రంగు. నేను సంబరంగా తీసి డైరీలో రాలే ఆకుల పేజీలో రాయమన్నాను. పెదనాయన ఒప్పుకోలేదు. కొమ్మ వంచి నా చేత ఆకు ముట్టించాడు. చంటిపిల్ల చెవిలా మెత్తగా ఉంది. వేలాడుతోంది.

"ఇది పోయే ఆకు కాదు, వచ్చే ఆకు. లేతాకులో పచ్చదనం నిండేదాకా ఎరుపుతో కాపాడుకుంటాది. మామిడి చిగురు చూడలా? నరమామిడి? అన్నీ ఇంతే. పండుటాకు పెళుసుగా ఉంటాది, మచ్చలుంటాయి, ముట్టుకుంటే చేతికొస్తాది. లేతాకు కిందికి వాలి ఉంటాది, కొమ్మను వదలదు."

దూరం నుంచి, ఏడు మెగాపిక్సెళ్ల ఫోటోలో, రెండు ఎరుపులూ ఒకటే. అమెరికా మిత్రులకు ఈ బాధ లేదు. అక్కడ ఎర్రబడితే రాలుతుంది, తర్వాత మంచు, నెలల తర్వాత చిగురు. ఇక్కడ పక్కపక్క చెట్లలో ఒకటి పోతూ ఎర్రగా ఉంటుంది, ఇంకొకటి వస్తూ ఎర్రగా ఉంటుంది. ఒక్కోసారి ఒకే చెట్టు ఒక కొమ్మ రాలుస్తూ ఇంకో కొమ్మ చిగురిస్తూ ఉంటుంది. లాల్‌బాగ్ బండ పైకెక్కి చూస్తే ఇది బాగా తెలిసేది. మూడు వందల కోట్ల ఏళ్ల నాటి రాయి అది, పైన కెంపెగౌడ గోపురం. అక్కడి నుంచి జూమ్ చేస్తే పచ్చటి గుబురుల మధ్య ఒక రాగి మచ్చ, ఒక బోసి తల, ఒక పసుపు, మళ్లీ పచ్చ. ఒక చెట్టు కోసం ఒక వారం కాచుకోవాలి. ఆ వారం ఆఫీసులో రిలీజ్ ఉంటే వచ్చే ఏడాది చూసుకోవాలి. ఆ టెన్షన్ ఏ అమెరికా ఫోటోలోనూ ఉండదు, ఆ మాట గట్టిగా చెప్తాను.

కబ్బన్ పార్కుకూ వెళ్లాం. ఎర్రటి లైబ్రరీ భవనం ముందు పడిన ఆకులు బాగానే పడ్డాయి ఫోటోల్లో. పెదనాయనకు మాత్రం ఆ పార్కు మనసుకెక్కలేదు. బస్సెక్కి వెళ్లాలి, పైగా దగ్గర్లో ఎంటీఆర్ హోటల్ లేదు. లాల్‌బాగ్ అయితే నడక అయ్యాక క్యూలో నిలబడి రవ్వ ఇడ్లీ, కాఫీ. కాఫీ వచ్చేలోపు కెమెరా వెనక స్క్రీన్ మీద ఆ రోజు పంట చూసుకునేవాళ్లం. "పెద్దది చెయ్యి, ఇంకా పెద్దది చెయ్యి" అనేవాడు. పెద్దది చేస్తే గళ్లు గళ్లుగా కనిపించేది. "చాల్లే, చిన్నది చెయ్యి."

కొన్నాళ్లకి కెమెరాలో తేదీని గుర్తుపెట్టుకునే బిళ్ల సెల్లు అయిపోయింది. పెన్సిల్ సెల్లులు మార్చినప్పుడల్లా కెమెరా తేదీ అడిగేది. తొందరలో దాటేస్తే దాని లెక్కలో ప్రపంచం మళ్లీ 2007 జనవరి 1కి వెళ్లిపోయేది. ఆ ఫోటోలన్నీ కంప్యూటర్‌లో అదే తేదీతో ఒక్క చోట కుప్పపడ్డాయి. పంచాంగానికి సాక్ష్యం నాదంటే నా సాక్షి ఇలా తయారైంది.

పెదనాయన దాన్ని లెక్కే చేయలేదు. నా పక్కన కుర్చీ వేసుకుని ఒక్కో ఫోటో చూస్తూ చెప్పుకుంటూ పోయాడు. "దీంట్లో మధ్య అంతస్తు ఇంకా ఉండాది. కింద పడినవి తక్కువ. రిపబ్లిక్ డే కంటే ముందు." "దీంట్లో కొసన మొగ్గ విచ్చింది చూడు. శివరాత్రికి అటూ ఇటూ." "ఇది ఆ ఏడాది కాదు, తర్వాతిది. ఈ కొమ్మ గాలివానకు ఇరిగిపోయింది గదా, దీంట్లో లేదు." నేను అడుగు బొడుగు ఈమెయిళ్లలో, ఫోటోలు దాచుకునే పికాసాలో ఎక్కించిన తేదీల్లో వెతికి సరిచూశాను. చాలావరకు ఆయన చెప్పిన వారమే. సరిపోని వాటికి ఆయన దగ్గర జవాబుంది. "పికాసాకు ఏం తెలుసు. నువ్వు లేటుగా ఎక్కించింటావు."

తర్వాత సంగతులు మామూలే. ఫోన్లలో కెమెరాలు బాగుపడ్డాయి. నాకు పెళ్లయింది, ఇల్లు వైట్‌ఫీల్డ్ వైపు మారింది, శనివారాలు వేరే పనులకు పోయాయి. 2009లో మెట్రో పనులప్పుడు లాల్‌బాగ్ గోడ పక్క చెట్లు కొట్టేస్తే ఊళ్లో నిరసనలు జరిగాయి. మా డైరీలో ఆ వైపు పేజీల్లో కొన్ని పేర్ల మీద పెదనాయన సన్నగా గీత పెట్టాడు. కారణం రాయలేదు. ఆయన మోకాళ్ల నొప్పులతో అనంతపురం వెళ్లిపోయాక డైరీ కూడా ఆయనతోనే వెళ్లింది. కెమెరా అల్మారాలో, పెళ్లి సీడీల కింద.

మొన్నామధ్య మా అక్క కూతురు ఫోన్ చేసింది. ఇక్కడే జయనగర్‌లో హాస్టల్‌లో ఉండి డిగ్రీ చదువుతోంది. "మామా, నీ దగ్గర పాత డిజికామ్ ఉందంట కదా?" ఇప్పుడు కాలేజీ పిల్లలకు ఇది మోజు. మేం చీదరించుకున్న గళ్లు, ఫ్లాష్ కొడితే తెల్లబడే మొహాలు వాళ్లకు ముద్దు. పాత కెమెరాల్లో వెలుగును పట్టే సీసీడీ సెన్సర్‌లో ఏదో మాయ ఉందని వాళ్ల నమ్మకం. నాకైతే లేదు. ఆ రంగులు సెన్సర్ కంటే ఆ కాలంలో కంపెనీలు జేపెగ్‌ను, అంటే ఫోటో ఫైలును, ఎలా వండాయన్న దాంట్లో ఉన్నాయి. ఆ మాట చెబితే "నీకు ఫీలింగ్స్ లేవు మామా" అంది.

అల్మారాలోంచి తీస్తే లోపల మరిచిపోయిన సెల్లులు కారి, స్ప్రింగుల మీద తెల్లటి పొడి పేరుకుని ఉంది. వెనిగర్‌లో ముంచిన ఇయర్‌బడ్‌తో ఓపిగ్గా తుడిచి, ఆరబెట్టి, కొత్త సెల్లులు వేస్తే లెన్సు బయటకు వచ్చింది. ఆ గిర్రుమనే చప్పుడుకి మా ఆవిడ వంటింట్లోంచి "అదింకా బతికే ఉందా?" అంది. పిల్ల తెచ్చిన 64 జీబీ కార్డును అది గుర్తుపట్టలేదు. మా బావ ఇచ్చిన 1 జీబీ కార్డే మళ్లీ వేశాం. తేదీ అడిగింది. పిల్ల శ్రద్ధగా పెట్టింది.

ఫిబ్రవరిలో ఒక్కతే వెళ్లి లాల్‌బాగ్‌లో తీసిన ఫోటో ఫ్యామిలీ గ్రూపులో పెట్టింది. గేటు దగ్గర సెక్యూరిటీ అతను "క్యామెరా టికెట్ ఇదెయా?" అని ఆపితే దాన్ని చూపించి, ఇది మా మామకంటే పాతది అని నవ్వించి వెళ్లిందట. పెద్ద చెట్టు, నిండా ఎరుపు, వెనక నుంచి ఎండ. ఆకు గుర్తు పెట్టి తీసిందని చూడగానే తెలిసిపోయింది, ఎరుపు కాస్త పొర్లింది. అయినా బాగుంది. కింద ‘బెంగళూరులో ఫాల్’ అని రాసింది. హార్టులు, చప్పట్లు వచ్చాయి. కాసేపటికి అనంతపురం నుంచి వీడియో కాల్. నన్నూ కలిపారు. పెదనాయన మొహంలో సగం, నుదురు మాత్రమే స్క్రీన్ మీద కనిపిస్తోంది. చేతిలో ఎల్ఐసీ డైరీ.

"ఎరుపు బాగుందమ్మా. ఏ చెట్టు?"

"పేరు తెలీదు తాతా. బండ దాటాక కుడివైపు."

"ఆకు ముట్టుకుని చూసినావా? పెళుసుగా ఉండాదా, మెత్తగా ఉండాదా?"

"ముట్టుకోలేదు. పైన ఉంది కదా."

"కింద పడి ఉండాయా మరి?"

పిల్ల ఫోటోను వేళ్లతో పెద్దది చేసి చూసింది. నేనూ చూశాను. నేలంతా శుభ్రంగా ఉంది. ఊడ్చేశారో, అసలు రాలనే లేదో.

"తెలీట్లేదు తాతా."

"అయితే ఏ పేజీలో రాయాల నేను? రేపు పోయి చూసి చెప్పు."

"రేపు నాకు ఇంటర్నల్స్ తాతా!"

"ఎన్ని గంటలకు?"

"పదికి."

"లాల్‌బాగ్ ఆరింటికే తెరుస్తారు గదమ్మా" అన్నాడు పెదనాయన, పెన్ను మూత తీస్తూ.